కవిత్వాన్ని అంత శ్రద్ధగా చదివిన పోలీసులు

తూర్పు జర్మనీ రహస్య పోలీసు శాఖ స్టాసీని ఆడిపోసుకునేవాళ్లు ఒక్క సంగతి గుర్తించరు. ఆ దేశంలో కవిత్వాన్ని వాళ్లంత శ్రద్ధగా చదివినవాళ్లు లేరు. రైనర్ కుంత్సే అనే కవి మీద తెరిచిన ఫైలు పేరే ‘లిరిక్’. 12 సంపుటాలు, 3,491 పేజీలు. మన దగ్గర నాలుగు పేజీల ముందుమాట కోసం ఆర్నెల్లు తిరగాలి.

ఆ ఫైళ్ల భాషలో ఎదురుచెప్పే కవి కవి కాడు, ‘శత్రు-ప్రతికూల శక్తి’. మధ్యలోని ఆ చిన్న గీతకు దండం పెట్టాలి. శత్రువు అనాలంటే ఆధారం చూపాలి. ప్రతికూలం అనడానికి మొహం చిట్లిస్తే చాలు. రెండూ కలిపేస్తే దర్యాప్తు అధికారికి సగం పని తగ్గినట్టే. నలుగురు రచయితలు ఒకరింట్లో కూర్చుని అచ్చుకాని కవితలు చదువుకుంటే అది ‘రాజకీయ అండర్‌గ్రౌండ్ కార్యకలాపం’. ఎవరికైనా సందేహం వస్తే అది సొంత బుర్రలో పుట్టిందని నమ్మడం నేరం కిందే లెక్క. పశ్చిమ దేశాలవాళ్లు ఎక్కించి ఉండాలి. దానికీ ఓ పేరుంది, ‘రాజకీయ-సైద్ధాంతిక మళ్లింపు’.

జైల్లో పెడితే బయటి దేశాల్లో అల్లరవుతుంది. అందుకని 1976 జనవరిలో 1/76 నంబరు ఆదేశం వచ్చింది. మనిషిని లోపల్నుంచి కుళ్లబెట్టే పద్ధతులన్నీ అందులో ఉన్నాయి. పరువు తీయడానికి నిజాలూ అబద్ధాలూ కలిపి వాడొచ్చు. కాకపోతే అబద్ధం నమ్మేలా ఉండాలి, కాదని ఎవరూ రుజువు చేయలేనిదై ఉండాలి. (ఎంత నిజాయితీ!) ఉద్యోగంలోనూ నలుగురిలోనూ వరసగా ఓటములు ‘ఏర్పాటు చేసి’ అతనికి తనమీద తనకే నమ్మకం పోయేలా చేయాలి. మనకు దెబ్బలు వాటంతటవే తగులుతాయి. అక్కడ అందుకు ఓ ఆఫీసరు, ఓ ప్లాను!

అదే ఏడాది నవంబరులో పాటగాడు వోల్ఫ్ బియర్మన్‌ను కచేరీకని పశ్చిమ జర్మనీలోని కొలోన్ వెళ్లనిచ్చి, వెనకాలే పౌరసత్వం పీకేశారు. కుంత్సే 1977లో పశ్చిమ జర్మనీకి వెళ్లిపోయాడు. శత్రువులు తగ్గితే సిబ్బందీ తగ్గాలి. కానీ 1989 నాటికి స్టాసీ సిబ్బంది 91 వేలమంది.

1980ల్లో బెర్లిన్‌లో స్టాసీ ఉద్యోగులకే కవిత్వ తరగతులు నడిచాయి. పాఠం చెప్పిన కవిగారు సాటి రచయితల మీద రహస్యంగా రిపోర్టులు రాసేవారు. తన తరగతిలోని కుర్రాళ్లనూ వదల్లేదు. వదిలితే ఎలా? వాళ్లూ కవిత్వం రాస్తున్నారాయె.