యాడ్ వచ్చిందంటే గవర్నమెంటు ఒప్పుకున్నట్టేనంట!

వారం నుంచి ఒక ఫార్వర్డ్ తిరుగుతా ఉంది మా తిరపతిలో. కోచింగ్ హాస్టళ్ల పిల్లకాయలే ఒకరికొకరు పంపుకుంటా ఉండారు, నాకే మూడు తూర్లు వచ్చింది. పెద్ద మెసేజే గానీ అందులో ఉండే మాటలు ఇవి: "టీవీలో, పేపర్లో, ఇన్‌స్టాలో యాడ్ వచ్చిందంటే ఆ మందుని గవర్నమెంటు చెక్ చేసి ఒప్పుకున్నట్టే. ఎత్తు, బరువు, రంగు మూడిటికీ 90 రోజుల కోర్సు. ఆయుర్వేదం కాబట్టి సైడ్ ఎఫెక్ట్స్ సున్నా. డాక్టరే స్వయంగా చెప్తున్నాడు చూడండి. ఆస్పత్రికి పోతే ఫీజుల కోసం భయపెడతారు. పనిచెయ్యకపోతే డబ్బు వాపస్." కింద పదిమందికి పంపమని దండం ఎమోజీలు.

నేను బాలాజీ కాలనీ పక్క ఒక మెడికల్ షాపు కౌంటర్లో తొమ్మిదేండ్లుగా ఉండా, చదివింది బీఫార్మసీ. నవ్వుకుని వదిలేసేవాణ్ణే, కానీ మొన్న ఒక ఇంటర్ పిల్లోడు వచ్చి ఇదే ఫోన్లో చూపించి "అన్నా ఈ పౌడర్ మీ కాడ ఉందా, ఆన్‌లైన్ కంటే తగ్గించి ఇస్తావా, మా రూమ్మేట్ ఆల్రెడీ వాడతా ఉండాడు" అన్నాడు. అందుకే ఒక్కో మాటా పట్టుకుని చెప్తా, రొంత పొడుగైనా చదవండి.

మొదటిది, "యాడ్ వచ్చిందంటే గవర్నమెంటు ఒప్పుకున్నట్టే". ఇది ఉట్టి తప్పు కాదు, పూర్తిగా తలకిందులు. మీ ఇంట్లో బీపీ మాత్రల షీటో, యాంటీబయాటిక్ షీటో తీసి చూడండి, ఒక ఎర్రగీత, ఆర్ఎక్స్ అనే గుర్తు, షెడ్యూల్ హెచ్ అనో హెచ్1 అనో రాసి ఉంటుంది. డాక్టర్ చీటీ లేకుండా మేం ఇవ్వకూడని మందు అని దానర్థం. ఈ హెచ్, హెచ్1, ఎక్స్ షెడ్యూళ్లలో ఉండే మందులకి కేంద్ర ప్రభుత్వం ముందే అనుమతి ఇస్తే తప్ప యాడే వెయ్యకూడదు. టీబీ మాత్రలకి, ఫిట్స్ మాత్రలకి హీరోయిన్ డ్యాన్స్ చేసే యాడ్ మీరు ఎప్పుడన్నా చూసినారా? గట్టిగా పరీక్ష చేసి, డాక్టర్ చేతికే ఇచ్చిన మందులకి యాడ్ ఉండదు, యాడ్ ఉండేదల్లా నొప్పి బామ్, గ్యాస్ పొడి, దగ్గు బిళ్ళలు, ఇట్లాంటివి. చీటీ మందులకి జనం ముందర యాడ్ వేసుకోనిచ్చే దేశాలు ప్రపంచంలో రెండే, అమెరికా, న్యూజిలాండ్. మీరు రీల్స్‌లో చూసే "ఈ ఇంజెక్షన్ గురించి మీ డాక్టర్‌ని అడగండి" యాడ్‌లు ఆడివి, మనవి కావు.

పోనీ యాడ్‌ని అన్నా ఎవరైనా ముందు చెక్ చేస్తారా అంటే, వచ్చినాక ఎవరో కంప్లైంట్ ఇస్తే అప్పుడు కదుల్తుంది యవ్వారం. పతంజలి యాడ్‌ల మీద డాక్టర్ల సంఘం ఐఎంఏ 2022లో సుప్రీంకోర్టుకి పోయింది, కంపెనీ పేపర్లలో క్షమాపణ వేసింది 2024 ఏప్రిల్లో. ఆ మధ్యలో ఆ యాడ్‌లు ఎంతమంది చూసుంటారో మీరే లెక్కేసుకోండి.

ఇంగొకటి. అలిపిరి మెట్లు ఎక్కేవాళ్లు 3550 మెట్లు కదా, చెమట కారిపోతాదని కింద ఒక జ్యూస్ ప్యాకెట్ కొనుక్కుని పోతారు, దాని మీద ఓఆర్ఎస్ అనే అక్షరాలు పెద్దగా ఉండేవి. అసలు ఓఆర్ఎస్ అంటే వాంతులు విరేచనాలు అయినప్పుడు నీళ్లలో కలిపి తాపే పొడి, దానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ఉంది: లీటర్ నీళ్లకి గ్లూకోజు 13.5 గ్రాములే, దాంతోపాటు ఉప్పు లాంటి లవణాలు. ఆ జ్యూసుల్లో చక్కెర దీనికి ఎన్నో రెట్లు. వాంతులు విరేచనాలు అయ్యే బిడ్డకి అంత తీపి తాపితే పేగుల్లోకి ఇంకా నీళ్లు లాగి విరేచనాలు ఎక్కువైతాయి. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఎనిమిదేండ్లు ఒక్కామె కొట్లాడితే, 2025 అక్టోబర్‌లో తిండి వస్తువుల మీద అజమాయిషీ చేసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు తీసెయ్యమని ఆర్డర్ ఇచ్చింది. అన్నేండ్లూ ఆ ప్యాకెట్లు అమ్మింది మాలాంటి షాపులే, నేను కూడా అమ్మినా, దాచేదేముంది.

"ఎత్తు పెరుగుతారు". ఎముక చివర్లలో పెరిగే భాగం ఒకటి ఉంటుంది, ఆడపిల్లలకి రొంత ముందు, మగపిల్లలకి రొంత వెనక, టీనేజ్ అయిపోయేలోపు అది మూసుకుపోతుంది. మూసుకున్నాక పౌడర్ తాగినా, కడ్డీకి వేలాడినా అంతే. ఇక్కడ తమాషా ఏందంటే 1954లోనే డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం వచ్చింది, దాంట్లో 54 జబ్బులు, సమస్యల పట్టిక ఉంది, వాటికి నయం చేస్తామని యాడ్ వెయ్యడమే నేరం, మొదటి తూరికే ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. షుగర్, బీపీ, క్యాన్సర్, ఊబకాయం, వాటితో పాటు మనిషి ఎత్తు కూడా ఆ పట్టికలో ఉంది. అంటే ఆ ఫార్వర్డ్ "గవర్నమెంటు ఒప్పుకుంది" అన్న యాడ్‌ని గవర్నమెంటు 70 ఏండ్ల కిందటే వద్దనింది. బస్టాండ్ గోడల మీద మగతనం మందుల పోస్టర్లు ఉంటాయే, ఫలానా లాడ్జిలో ఫలానా తేదీ క్యాంపు అని, అవి కూడా ఈ చట్టం కిందికే వస్తాయి. గోడలకి చదువు రాదు కాబట్టి ఇంకా ఉండాయి.

"బరువు". దీని దగ్గరే నాకు భయం. పిల్లోడు ఫోన్లో ఆ డబ్బా ఫోటో పెద్దది చేసి చూపించినాడు, "చూడన్నా లైసెన్స్ నంబర్ ఉంది". ఉంది, 14 అంకెలు, ఎఫ్ఎస్ఎస్ఏఐది. చిక్కీ ప్యాకెట్ మీద కూడా ఉంటుంది రా ఆ నంబరు, తిండి వస్తువు అని అర్థం, మందని కాదు. ఇంకొంచెం కిందికి జరిపితే "మందుగా వాడేందుకు కాదు" అని ఇంగ్లీషులో చీమ తలకాయంత అక్షరాలు. ముందర పక్క 90 రోజుల కోర్సు, వెనక పక్క మందు కాదు!

ఇది లైసెన్స్ ఉన్న డబ్బా సంగతి. ఊరూపేరూ లేని పౌడర్లలో, "మూలికల" మాత్రల్లో డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్, దాంతోపాటు ఆకలి పుట్టించే సైప్రోహెప్టడిన్ కలిపి ఉండడం ల్యాబ్ పరీక్షల్లో బయటపడిన కేసులు ఉండాయి. రెండోది అలర్జీ మాత్ర, ఆకలీ నిద్రా రెండూ తెస్తుంది, క్లాసులో పిల్లోడు తూగుతా ఉంటాడు, ఇంట్లోవాళ్లు రాత్రంతా చదివినాడేమో అనుకుంటారు. స్టెరాయిడ్ వేసుకుంటే నెలలోనే ముఖం గుండ్రంగా ఉబ్బుతుంది, "అబ్బ, ఒళ్లు చేసినాడే" అంటారు, అది ఒళ్లు కాదు, నీరూ కొవ్వూ. షుగర్ పెరుగుతుంది, ఎముక గుల్లబారుతుంది. దీనికంటే మోసం ఇంకోటి ఉంది, బయట నుంచి స్టెరాయిడ్ వస్తా ఉంటే కిడ్నీల పైన ఉండే అడ్రినల్ గ్రంథులు ఒంటికి కావాల్సిన స్టెరాయిడ్‌ని సొంతంగా తయారుచేసుకోవడం ఆపేస్తాయి, అప్పుడు డబ్బా అయిపోయిందని ఒక్కసారిగా మానేస్తే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. కాబట్టి ఇట్లాంటిది నెలల తరబడి వాడి ముఖం ఉబ్బినవాళ్లు ఎవరన్నా ఉంటే ఇది చదివి టక్కున ఆపొద్దు, డబ్బా చేతిలో పట్టుకుని డాక్టర్ దగ్గరికి పోండి.

"రంగు". స్టెరాయిడ్ క్రీము ముఖానికి పూస్తే మొదటి వారం తెల్లగా కనిపిస్తుంది, నిజమే, రక్తనాళాలు ముడుచుకుంటాయి కాబట్టి. తర్వాత చర్మం పల్చబడి ఎర్రగా అయితుంది, మొటిమలు, ఆడపిల్లలకి ముఖం మీద వెంట్రుకలు, ఆపితే మంట, మళ్లీ పూస్తే హాయి, ఇంగ వదలదు. అందుకే 2018లో 14 రకాల స్టెరాయిడ్ క్రీములని చీటీ ఉంటేనే అమ్మాలని షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చినారు. హాస్టల్ అబ్బాయిలు తొడల కాడ తామరకి ఇవే క్రీములు అడుగుతారు, దురద రెండ్రోజుల్లో పోతుంది, తామర మాత్రం లోపల్లోపల పాకుతా ఉంటుంది. 2023లో కేరళ మలప్పురంలో ఫెయిర్‌నెస్ క్రీములు వాడినవాళ్లకి కిడ్నీ జబ్బు వచ్చిందని డాక్టర్లు కనిపెట్టినారు, క్రీముల్లో పాదరసం ఉండింది.

"ఆయుర్వేదం కాబట్టి సైడ్ ఎఫెక్ట్స్ సున్నా". నేను ఆయుర్వేదాన్ని తిట్టేవాణ్ణి కాదు, మా అమ్మ మోకాళ్లకి టీటీడీ ఆయుర్వేద ఆస్పత్రికే పోతుంది. ఆడ డాక్టర్ నాడి చూసి, నాలిక చూసి, ఇంకేం మాత్రలు వాడతా ఉండావమ్మా అని అడిగినాకే ఇస్తాడు, రీల్ చూసి ఇవ్వడు. మన డ్రగ్స్ రూల్స్‌లో ఆయుర్వేద, సిద్ధ, యునాని మందుల్లో వాడే విష పదార్థాలకే ఒక పట్టిక ఉంది, షెడ్యూల్ ఇ1 అంటారు. అందులో జిల్లేడు, గన్నేరు, ఉమ్మెత్త, గురివింద, ముష్టి గింజ, పాదరసం ఉండాయి. ఇవి కలిసి లోపలికి తీసుకునే మందు మీద డాక్టర్ పర్యవేక్షణలో వాడాలని హెచ్చరిక రాయాలి. గన్నేరు కాయ సంగతి రాయలసీమలో ఎవరికి చెప్పాలప్పా? చెట్టుది అయితే మంచిదే అనేవాళ్లని మా జేజి కాడికి తోలాల.

"డాక్టరే చెప్తున్నాడు". 2002 నాటి మెడికల్ కౌన్సిల్ రూల్స్ ప్రకారం రిజిస్టర్డ్ డాక్టర్ ఏ మందుకీ యాడ్‌లో సిఫారసు చెయ్యకూడదు. కాబట్టి ఆ తెల్లకోటాయన యాక్టరన్నా అయ్యుండాల, లేదంటే సొంత రూలు తప్పినోడన్నా అయ్యుండాల.

"ఫీజుల కోసం భయపెడతారు". ఫీజు మాట కొట్టిపారెయ్యను. చిత్తూరు నుంచి వేలూరు పోయి వచ్చే కుటుంబాలు మా కౌంటర్లో బిల్లు చూసి సగం మందులే కట్టించుకుంటారు, నాకు తెలుసు. కానీ తిరపతి గవర్నమెంటు ఆస్పత్రి రుయాలో ఓపీ చీటీ రాయించుకుంటే ఫీజు గొడవ లేదు, లైన్ ఉంటుంది, ఒక పూట పోతుంది, అంతే. ఈ 90 రోజుల డబ్బా మూడు వేల చిల్లర, అది ఫీజు కాదా మరి?

ఇంగ "పనిచెయ్యకపోతే డబ్బు వాపస్". పిల్లోడి ముందరే ఆ నంబర్‌కి ఫోన్ చేసినా, రింగ్ అయితా కట్ అయింది. సరే అని వెబ్‌సైట్లో కండిషన్స్ తెరిచి వాణ్ణే చదవమన్నా. సీలు తియ్యని డబ్బాలకి మాత్రమే వాపస్ అని ఉంది. వాడు రెండు తూర్లు చదువుకున్నాడు, తలకాయ గోక్కున్నాడు, "అంటే అన్నా, సీలు తియ్యకుండా 90 రోజులు తాగాల్నా?"