ఈ20 పెట్రోల్: తగ్గిన మైలేజీ భారం ఎవరిది?

దేశంలోని పెట్రోల్ బంకుల్లో ఇప్పుడు సాధారణంగా దొరుకుతున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20 పెట్రోలే. 2018 నాటి జాతీయ జీవ ఇంధన విధానం ఈ లక్ష్యానికి 2030ని గడువుగా పెట్టుకుంది. 2022లో ఆ గడువును 2025-26కు కుదించారు, 2025 నడుమకే లక్ష్యం చేరుకున్నామని కేంద్రం ప్రకటించింది. చమురులో 85 శాతానికి పైగా దిగుమతి చేసుకునే దేశానికి ఇది చిన్న విషయం కాదు. చెరకు, మొక్కజొన్న రైతులకు కొత్త గిరాకీ ఏర్పడిందన్నదీ నిజమే. అయితే బంకుల్లో ఇంధనం మారినంత వేగంగా రోడ్ల మీది బళ్లు మారలేదు. ఈ20ని తట్టుకునే విడిభాగాలతో వాహనాలు రావడం 2023 ఏప్రిల్ నుంచే మొదలైంది. అంతకు ముందు కొన్న కార్లు, బైకులు ఇప్పటికీ కోట్లలో తిరుగుతున్నాయి. వాటి యజమానులకు మరో రకం పెట్రోల్ ఎంచుకునే వీలు దాదాపు లేదు.

మైలేజీ పడిపోయిందన్న ఫిర్యాదులో ఎంత నిజముందో ముందు లెక్క కట్టి చూడాలి. లీటరు పెట్రోల్‌లో సుమారు 32 మెగాజౌళ్ల శక్తి ఉంటే, లీటరు ఇథనాల్‌లో ఉన్నది 21 మాత్రమే. అందువల్ల ఇథనాల్ కలవని పెట్రోల్‌తో పోలిస్తే ఈ20లో లీటరుకు 6 నుంచి 7 శాతం శక్తి తక్కువ. 2022 నుంచే మనం ఈ10 (10 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్) వాడుతున్నాం కాబట్టి, ఈ10 నుంచి ఈ20కి మారినప్పుడు తగ్గింది మూడున్నర శాతం చిల్లర. నీతి ఆయోగ్ 2021 జూన్‌లో విడుదల చేసిన మార్గసూచీ కూడా దీనికి దగ్గరగానే అంచనా కట్టింది: ఇథనాల్ లేని పెట్రోల్ కోసం రూపొందించి ఈ10కి సరిచేసిన కార్లలో 6-7 శాతం, అటువంటి ద్విచక్ర వాహనాలలో 3-4 శాతం, ఈ10 కోసం రూపొందించి ఈ20కి సరిచేసిన కార్లలో 1-2 శాతం మేర ఇంధన సామర్థ్యం తగ్గవచ్చని. కాబట్టి మైలేజీ తగ్గడం వదంతి కాదు. అలాగే 20 శాతం పడిపోయిందని ఎవరైనా అంటే, ఆ మొత్తానికి ఇథనాల్ ఒక్కటే కారణం కాజాలదు. అక్కడ బండిలోనే వేరే లోపం వెతకాలి.

కొత్త ఇంజిన్లలో నష్టం ఎందుకు తక్కువో తెలుసుకుంటే పాతవాటి ఇబ్బంది ఏమిటో బోధపడుతుంది. మన ఈ20 పెట్రోల్ ఆక్టేన్ సంఖ్య 95, అంతకు ముందు సాధారణ పెట్రోల్‌ది 91. ఆక్టేన్ పెరిగితే ఇంజిన్‌లో నాకింగ్ (ఇంధనం తనంతట తానే మండిపోయి టకటకమనడం) లేకుండా గాలి, ఇంధనాల మిశ్రమాన్ని మరింతగా నొక్కి మండించవచ్చు, స్పార్క్‌ను మరికాస్త ముందుగా ఇవ్వవచ్చు. ఈ20 కోసమే రూపొందించిన ఇంజిన్ ఆ రెండు మార్గాల్లో పోయిన శక్తిలో కొంత రాబట్టుకుంటుంది. పాత ఇంజిన్‌లో కంప్రెషన్ నిష్పత్తి, అంటే మిశ్రమాన్ని ఎంతగా నొక్కాలన్న కొలత, కర్మాగారంలోనే స్థిరపడిపోయింది, దాన్ని ఇప్పుడు మార్చలేం. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉండటం వల్ల అదే గాలికి ఇంకొంచెం ఎక్కువ ఇంధనం కావాలి. బీఎస్-6 కాలుష్య ప్రమాణాలతో వచ్చిన బండ్లలో పొగగొట్టం దగ్గరి ఆక్సిజన్ సెన్సర్ ఆ సంగతి కనిపెట్టి, ఇంజెక్టర్ వదిలే పెట్రోల్‌ను కంప్యూటర్ చేత సరిచేయిస్తుంది. కార్బ్యురేటర్ ఉన్న పాత బైకుకు ఆ తెలివి లేదు. మిశ్రమం పలచబడి, ఉదయం స్టార్ట్ కావడానికి మొరాయిస్తుంది, యాక్సిలరేటర్ తిప్పగానే తడబడుతుంది. ఆ బైకు నడిపేది చాలాచోట్ల కొత్త బండి కొనే స్తోమత లేని మనిషే. ఈ చర్చలో అతని గొంతు తక్కువగా వినిపించడం నన్ను బాధిస్తోంది.

రబ్బరు గొట్టాలు, గ్యాస్కెట్ల సంగతి మరొకటి. కొన్ని పాత వాహనాలలో 20-30 వేల కిలోమీటర్లు తిరిగాక కొన్ని రబ్బరు భాగాలు మార్చాల్సి రావచ్చని, ఆ ఖర్చు పెద్దది కాదని, మామూలు సర్వీసింగ్‌లోనే ఆ పని అయిపోతుందని పెట్రోలియం శాఖ 2025 ఆగస్టులో వివరణ ఇచ్చింది. ఖర్చు చిన్నదే కావచ్చు. కానీ బండి యజమాని ప్రమేయం లేకుండా వచ్చిపడిన ఖర్చు అది.

అసలు అభ్యంతరం ధర దగ్గర ఉంది. మైలేజీ తగ్గుతుందని ముందే అంచనా కట్టిన నీతి ఆయోగ్ మార్గసూచీయే, ఆ నష్టాన్ని పూడ్చేందుకు ఇథనాల్ మిశ్రమ ఇంధనాలపై పన్ను రాయితీ ఇచ్చే ఆలోచన చేయాలని, పాత వాహనాల రక్షణ కోసం ఈ10ను కూడా అందుబాటులో ఉంచాలని సూచించింది. లక్ష్యం గడువు కన్నా ముందే నెరవేరింది, ఈ రెండు సూచనలు మాత్రం అమలు కాలేదు. ఆ నివేదిక నాటికి ఇథనాల్ పెట్రోల్ కన్నా చవకని, తర్వాత సేకరణ ధర పెరిగి శుద్ధి చేసిన పెట్రోల్‌ను మించిపోయిందని ప్రభుత్వం చెబుతోంది. చమురు కంపెనీల లెక్కల వరకు ఆ వివరణ చెల్లవచ్చు. పన్నుల విషయంలో అది చెల్లదు, ఎందుకంటే ఎక్సైజ్ సుంకం కేంద్రం చేతిలో, వ్యాట్ రాష్ట్రాల చేతిలో ఉన్నాయి. పెట్రోల్‌పై అత్యధిక వ్యాట్ వసూలు చేసే రాష్ట్రాలలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ముందు వరుసలో ఉన్నాయి. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే పాత కారు నెలకు 1000 కిలోమీటర్లు తిరిగితే, 6 శాతం తగ్గుదల వల్ల నాలుగు లీటర్లకు పైగా అదనంగా పోయాలి. లీటరు 107 రూపాయల చొప్పున అది నెలకు సుమారు 450 రూపాయలు.

ఈ విధానానికి ఉదాహరణగా తరచూ చూపే బ్రెజిల్‌లో 2003 నుంచి ఏ మిశ్రమంతోనైనా నడిచే ఫ్లెక్స్ ఫ్యూయల్ కార్లు వచ్చాయి. అక్కడి పెట్రోల్‌లోనూ ఇథనాల్ తప్పనిసరిగా కలుస్తుంది, 2025 ఆగస్టులో ఆ వాటాను 27 నుంచి 30 శాతానికి పెంచారు. అయితే అదే బంకులో ఇథనాల్‌ను వేరే ధరకు విడిగా అమ్ముతారు. దాని ధర పెట్రోల్ ధరలో 70 శాతానికి లోపు ఉంటేనే లాభమని అక్కడి వాహనదారులు లెక్క వేసుకుని ఏది పోయించాలో నిర్ణయించుకుంటారు. మన దగ్గర ఎంపిక కోరుతూ వేసిన ప్రజా ప్రయోజన వ్యాజ్యాన్ని సుప్రీంకోర్టు 2025 సెప్టెంబర్ 1న కొట్టివేసింది. విధానపరమైన బాధ్యత మాత్రం ప్రభుత్వాల మీద అలాగే ఉంది.

ఈలోగా బండి ఉన్నవారు చేసుకోగలిగిన పనులు ఉన్నాయి. ముందుగా సొంత బండి మైలేజీని సరిగ్గా కొలవాలి. డ్యాష్‌బోర్డు మీద కనిపించేది కంప్యూటర్ అంచనా మాత్రమే. పంపు దానంతట అది ఆగేదాకా ట్యాంకు నింపించి, ట్రిప్ మీటర్ సున్నా చేసి, మళ్లీ అదే బంకులో అదే విధంగా నింపించినప్పుడు పట్టిన లీటర్లతో తిరిగిన కిలోమీటర్లను భాగించాలి. ఒక్కసారి లెక్కను నమ్మకుండా మూడు నాలుగు ట్యాంకుల సగటు తీసుకోవాలి. తేడా ఐదారు శాతం లోపు ఉంటే ఇంధనం ప్రభావమే కావచ్చు. అంతకు మించితే టైర్లలో గాలి, పట్టేసిన బ్రేకులు, మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టర్, పాడైన ఆక్సిజన్ సెన్సర్ వరుసగా చూపించుకోవాలి. టైరు చల్లగా ఉన్నప్పుడు, డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ మీద ఉన్న కొలత ప్రకారం గాలి పట్టించడం వీటన్నిటిలోకి చవకైన పని. మన నగరాల్లో ఎక్కువమంది నిర్లక్ష్యం చేసేదీ అదే.

ఇథనాల్ వల్ల ప్రత్యేకంగా పాటించాల్సిన జాగ్రత్త నిల్వ ఉంచే బండ్ల విషయంలో ఉంది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, నీరు మితిమీరితే పెట్రోల్ నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు చేరుతుంది. ఇనుప ట్యాంకు ఉన్న బైకుల్లో తుప్పుకు అదే దారి. విశాఖ, కాకినాడ వంటి తీర ప్రాంతాల్లో వానాకాలంలో ఈ బెడద ఎక్కువ. పిల్లలు విదేశాల్లో ఉండగా వృద్ధ తల్లిదండ్రుల ఇంటి ముందు నెలల తరబడి కదలకుండా ఉండే కార్లు మన ఊళ్లలో ఎన్నో. అటువంటి కారు ట్యాంకును అడుగంటనివ్వకూడదు, ఎందుకంటే ఖాళీ ఎంత ఎక్కువైతే తేమగాలికి అంత చోటు దొరుకుతుంది. పదిహేను రోజులకు ఒకసారైనా ఇంజిన్ పూర్తిగా వేడెక్కేదాకా నడిపించాలి. పాత ట్యాంకు గోడలకు పట్టిన మడ్డిని ఇథనాల్ కరిగించి ముందుకు తోస్తుంది కనుక ఫ్యూయల్ ఫిల్టర్‌ను గడువు కన్నా ముందే మార్పించడం మంచిది.

సర్వీసింగ్‌కు వెళ్లినప్పుడు తమ మోడల్‌లో ఏ ఏడాది బండికి ఏ భాగాలు మార్చాలో, వారంటీ ఎంతవరకు వర్తిస్తుందో కంపెనీ నుంచి రాతపూర్వకంగా అడిగి తీసుకోవాలి. ఈ సమాచారాన్ని మోడళ్ల వారీగా కంపెనీల చేత తెలుగులోనూ ప్రచురింపజేయడం, ప్రతి పంపు మీద ఇథనాల్ శాతాన్ని స్పష్టంగా రాయించడం ప్రభుత్వానికి పెద్ద ఖర్చులేని పనులు. 20 శాతాన్ని దాటి ముందుకు వెళ్లాలనుకుంటే అంతకన్నా ముందు ఇవి జరగాలి, నీతి ఆయోగ్ సూచించిన పన్ను రాయితీ కూడా అమల్లోకి రావాలి.