మెరూన్ కోటు పుణ్యమా అని

మాది ఇచ్ఛాపురం, ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తాను. ప్రోగ్రాములు ఎక్కువగా బరంపురంలోనే, పాతిక కిలోమీటర్లు అంతే, మధ్యలో సరిహద్దు ఊరు గిరిసోల. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరు రాష్ట్రమైనప్పుడు బరంపురం అటు, మేం ఇటు అయిపోయాం గానీ పెళ్లిళ్ల సీజనుకి ఆ గీత ఎక్కడుందో తెలీదు. అటూ ఇటూ తెలుగోళ్లయితే తెలుగు పాటలు, వియ్యాలవారు ఒడియావాళ్లయితే సగం సగం, చివర్లో డాన్సులకి అందరికీ హిందీ.

మీకేం బాబూ, రోజూ పెళ్లి భోజనమే కదా అంటారు జనం. అన్నవాణ్ణి ఒక్క రాత్రి మా వ్యానెక్కించాలి. పాడే ముందు తినకూడదు, మా సింగరుకి పెరుగు దూరం నుంచి చూసినా గొంతు పట్టేస్తుంది, ప్యాడ్ వాయించే బావ తింటే నిద్రపోతాడు, వాడితో పాటు తాళం కూడా. పోనీ తర్వాత తిందాంలే అంటే ఆ తర్వాత అనేది రాదు. రాత్రి 10 దాటితే మైకు పెట్టకూడదని 2000లో రూల్సు వచ్చాయి కదా, మూసిన హాలు లోపలికి అవి అడ్డం రావు, అందుకని మమ్మల్ని హాల్లోకి తోసి తలుపులేసి ఒంటిగంట దాకా వాయిస్తారు. అవును, మేం వాయించేది కాదు, వాళ్లు మమ్మల్ని వాయించేదే.

అదయ్యాక స్పీకర్లు దించాలి, స్టాండ్లు మడవాలి, కేబుళ్లు చుట్టాలి. మా సౌండ్ అన్న కేబుల్ని మోచేతికి చుట్టనివ్వడు, లోపల తీగ మెలిపడి తెగిపోద్దంటాడు, ఒక చుట్టు ఇలా, ఇంకో చుట్టు తిరగేసి అలా, పసిపిల్లకి జడేసినట్టు చుట్టాలి. అలాంటివి 14. పద్నాలుగోది చుట్టి డైనింగు హాల్లోకి పరిగెడితే అక్కడ ఉండేది కడిగిన నేల, బోర్లించిన డేగిసాలు, ఐస్‌క్రీం పుల్లలు.

ఇక తిండి వేట. స్టేషను ముందు టీ, బన్ను. మెడికల్ కాలేజీ ఎదురుగా కూడా టీ దొరుకుద్ది గానీ పేషెంట్ల తాలూకు వాళ్ల పక్కన తళతళలాడే కోటేసుకుని బన్ను నమలాలంటే సిగ్గుగా ఉంటుంది. హైవే మీద ధాబాలో తడకా, రోటీ. తెల్లారితే బరంపురం పూరీ ఉప్మా ఉంది, రెండూ ఒకే ప్లేట్లో, బయటూరోళ్లకి చెప్తే నవ్వుతారు, తిన్నాక ఇంకో ప్లేటు చెప్తారు. కానీ తెల్లారాలి కదా. ఠాకురాణీ యాత్ర, అంటే బరంపురం అమ్మవారి జాతర, ఆ రోజుల్లో మాత్రం ఊరు నిద్రపోదు, ఏ రాత్రికైనా ఏదో ఒకటి దొరుకుద్ది, అయితే అది రెండేళ్లకోసారి, ఉంటే నెల. మిగతా 23 నెలలు మా కడుపులో మేళం వాయించుకోవడమే.

ఆ రోజు అలాగే ఒంటిగంటన్నరకి వ్యాన్లో తిరుగుతుంటే ఇంకో ఫంక్షన్ హాల్లో లైట్లు కనబడ్డాయి. అర్ధరాత్రి ముహూర్తం, తాళి కట్టేసినట్టున్నారు, లోపల దగ్గరి చుట్టాలకి బంతి వేస్తున్నారు. "బావా, పెళ్లిలో ఎవడు ఎవడి తాలూకో ఎవడికి తెల్సు, బేగి పద" అన్నాడు ప్యాడ్ బావ. నిజమే అనిపించింది. ఆకలి మీద ఏదైనా నిజమే అనిపిస్తుంది.

మేం మర్చిపోయింది ఒక్కటే. మా కోట్లు మెరూన్, అంచుకి జరీ. అక్కడ వడ్డించే కుర్రాళ్ల కోట్లు కూడా మెరూన్, అంచుకి జరీ. ఒక్క తానులో గుడ్డే అయ్యుంటుంది.

లోపల అడుగు పెట్టామో లేదో సూపర్‌వైజరు నా చేతిలో సాంబారు బకెట్టు పెట్టి "ఇప్పుడా రావడం?" అని కసిరాడు. నేను నోరు తెరిచేలోపు ఒక మామ్మగారు "ఒరే నానా, ఇలా రా, ఇక్కడ సాంబారు రాలేదు" అంది. మామ్మ పిలిస్తే ఏం చేస్తాం, వేశాను. వేశాక పక్కాయన, ఆయన పక్కాయన, అలా వరస చివరిదాకా వెళ్లిపోయాను. వెనక్కి చూస్తే సౌండ్ అన్న అప్పడాలు, సింగరు మంచినీళ్లు. ప్యాడ్ బావకి అన్నం ఇచ్చారు. వాడిది నరసన్నపేట వైపు, ఒడియా ఒక్క ముక్క రాదు. వియ్యాలవారి తాలూకు ఒకాయన "ఆఉ టికే" అన్నాడు, అంటే ఇంకొంచెం అని. వీడు నా దగ్గరికొచ్చి గుసగుసగా "పెళ్లిలో ఆవేటి బావా, ఆయన ఆవు కావాలంటన్నాడు" అన్నాడు. ఇంకొంచెం పెట్టరా బాబూ అంటే వెళ్లి మొత్తం బేసిన్ బోర్లించేశాడు.

ఇంతలో ఒకావిడ సింగరు మొహం కేసి చూసి "మొన్న మా మరిది పెళ్లిలో పాడింది నువ్వు కాదూ?" అంది. వాడు నీళ్ల జగ్గు అడ్డం పెట్టుకుని "మా అన్నయ్యండి" అన్నాడు.

రెండు బంతులయ్యాయి. మూడున్నరకి కుర్రాళ్లతో పాటు మాకూ ఆకులేశారు. చల్లారిన పూరీలు, అడుగంటిన పులిహోర, ఒడియావాళ్ల కూరగాయల పప్పు దాల్మా, సగం బూరె, నేను ఆఉ టికే, ఆఉ టికే అంటూనే ఉన్నాను. చేతులు కడుక్కునేసరికి సూపర్‌వైజరు వచ్చి తలా 300 లెక్కపెట్టి చేతిలో పెట్టాడు. సాయంత్రం మేం వాయించిన పెళ్లివారు బాలెన్సు ఎల్లుండి ఇస్తామన్నారు, ఆ ఎల్లుండి ఇప్పటికీ రాలేదు.

"సర్వీసు బాగా చేశార్రా. రేపు గేట్ బజారులో ఇంకో పెళ్లుంది, వస్తారా?" అన్నాడు.

రేపు మాకు ప్రోగ్రాం ఉందండి అని చెప్పబోతున్నాను, ప్యాడ్ బావ అడ్డం వచ్చి "ఎన్నింటికి రమ్మంటారు?" అన్నాడు.