ప్రార్థనకు వేరే సంతకం కావాలి

ఏటా జూన్‌లో విశాఖ తల్లిదండ్రులు బడి దరఖాస్తు చివర ‘పాఠశాల నియమాలన్నిటికీ కట్టుబడి ఉంటాము’ అన్న వాక్యం కింద సంతకం పెడతారు. అప్పటికి వారి ధ్యాసంతా ఫీజు వాయిదాల మీద, బస్సు రూటు మీద ఉంటుంది. ఆ ఒక్క సంతకంతో ఏడాది పొడవునా తమ మత ప్రార్థనలో పిల్లల్ని నిలబెట్టే హక్కు వచ్చేసిందని కొన్ని యాజమాన్యాలు అనుకుంటున్నాయి. రాలేదు.

రాజ్యాంగం 28వ అధికరణం ఈ విషయంలో చాలా స్పష్టం. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే బడిలో మతబోధ ఉండరాదు. తల్లిదండ్రులంతా ఏకగ్రీవంగా ఒప్పుకున్నా అక్కడ అది చెల్లదు. మతబోధ చేయాలన్న షరతుతో ఏర్పడిన ధర్మాదాయం లేదా ట్రస్టు కింద పుట్టి, ప్రభుత్వ నిర్వహణలో ఉన్న సంస్థలకే మినహాయింపు. ఇక మూడో క్లాజు: ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడిలో గానీ, ప్రభుత్వ సాయం పొందే బడిలో గానీ, సమ్మతి లేకుండా ఎవరినీ మతబోధకూ ఆరాధనకూ రప్పించకూడదు. పిల్లలు మైనర్లయితే ఆ సమ్మతి సంరక్షకులది. ప్రభుత్వం నుంచి పైసా తీసుకోని గాజువాక ప్రైవేటు బడి కూడా గుర్తింపు ఉన్నంతవరకూ ఈ క్లాజు కిందికే వస్తుంది. మైనారిటీ సంస్థలకు 30వ అధికరణం బడి పెట్టుకుని నడుపుకునే హక్కు ఇచ్చిందే తప్ప, ఇతర మతాల పిల్లల చేత ఆరాధన చేయించే హక్కు ఇవ్వలేదు. మిషన్ బడికైనా, మఠం నడిపే బడికైనా, ముస్లిం ట్రస్టు బడికైనా కొలత ఒకటే.

చిక్కంతా ఉదయం అసెంబ్లీలో వస్తుంది. పావుగంటలో ప్రార్థన, ప్రతిజ్ఞ, జాతీయగీతం వరసగా సాగిపోతాయి. వరసలో ఒక పిల్ల మౌనంగా నిలబడితే, ఆమె మానేసింది ప్రార్థనో గీతమో చూడకుండానే ‘క్రమశిక్షణ లేదు’ అనేస్తారు. ఈ మూడింటి వెనుక ఉన్న న్యాయం మూడు రకాలు. ప్రార్థనకు సమ్మతి కావాలి. ప్రతిజ్ఞ మతంతో పనిలేనిది. పైడిమర్రి వెంకట సుబ్బారావు 1962లో ఈ నగరంలోనే ఉద్యోగం చేస్తూ రాసిన ఆ మాటల్లో దేశపు బహువిధ వారసత్వానికి చోటుంది (మన బడుల్లో ఎందరు పిల్లలకు ఈ సంగతి చెబుతున్నారో). జాతీయగీతం విషయం సుప్రీంకోర్టు 1986లోనే తేల్చింది. కేరళలో యెహోవాసాక్షులనే క్రైస్తవ శాఖ కుటుంబానికి చెందిన ముగ్గురు పిల్లలు తమ విశ్వాసం ఒప్పుకోక గీతం పాడలేదు, కానీ గౌరవంగా లేచి నిలబడ్డారు. వారిని బడి నుంచి తీసేయడం చెల్లదని తీర్పు చెప్పింది మన తెలుగువాడే, జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. లేచి నిలబడితే గౌరవం చూపినట్టే.

మతాల గురించి చెప్పడమే తప్పని భయపడే ఉపాధ్యాయులూ ఉన్నారు. అక్కర్లేదు. మతాల గురించి చదవడం మతబోధ కిందికి రాదని సుప్రీంకోర్టు 2002లో అరుణా రాయ్ కేసులో చెప్పింది. హార్బరు పక్కన రాస్ హిల్ మీద చర్చి, దాని పక్క కొండల మీద ఇషాక్ మదీనా దర్గా, వెంకటేశ్వరస్వామి గుడి ఉన్నాయి. భీమిలి దారిలో తొట్లకొండ బౌద్ధారామం ఉంది. ఏడో తరగతిని ఒక్క రోజులో నాలుగూ తిప్పి చరిత్ర చెప్పొచ్చు. అక్కడ దండం పెట్టుకోవాలా వద్దా అన్నది ఉపాధ్యాయుడు చెప్పాల్సిన మాట కాదు.

వస్త్రధారణ ఇంకా తేలలేదు. కర్ణాటక హిజాబ్ కేసులో 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు న్యాయమూర్తులిద్దరూ ఒకరికొకరు విరుద్ధమైన తీర్పులు ఇచ్చారు. మన దగ్గర మాత్రం కార్తీకం రాగానే అయ్యప్ప మాల వేసుకున్న పిల్లాణ్ణి గేటు దగ్గర ఆపారన్న గొడవ మొదలవుతుంది. మా అభిప్రాయం: నల్లబట్టలకు నలభై రోజులు సర్దుకున్న బడి, యూనిఫాం రంగులో తలకు గుడ్డ కట్టుకున్న అమ్మాయికీ సర్దుకోవాలి. ల్యాబులో మంట దగ్గర, ఆటస్థలంలో భద్రతకు పెట్టే నియమం అందరికీ ఒకటే ఉండాలి, ముందే రాసి ఉండాలి. పరీక్ష రోజున కొత్త నియమం పుట్టకూడదు.

చేయాల్సిన పని కష్టమైనది కాదు. దరఖాస్తుతో పాటు ఒక విడి కాగితం ఇవ్వాలి. బడిలో జరిగే ప్రార్థన ఏది, వారానికి ఎన్నిసార్లు, మతబోధ పీరియడ్ ఉందా అన్నవి అందులో రాయాలి. కింద ‘సమ్మతమే’, ‘సమ్మతం లేదు’ అని రెండు గళ్లు. కారణం అడగకూడదు. ఏడాది మధ్యలో మనసు మార్చుకునే వీలుండాలి. తెలుగుతో పాటు హిందీ, ఒడియా, ఉర్దూల్లో ఉంటే మేలు. నేవీ బదిలీలతో నవంబరులోనో జనవరిలోనో వచ్చే కుటుంబాలకూ ఇవ్వడం మరవకూడదు. వద్దన్న పిల్లలు ఆ సమయంలో ఎక్కడుంటారో ముందే అనుకోవాలి. లైబ్రరీ అయితే సరే. వరండాలో ఒంటరిగా నిలబెడితే అది శిక్షే అవుతుంది, విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ మానసిక వేధింపును నిషేధించింది (మైనారిటీ సంస్థలకు మాత్రం ఈ చట్టం వర్తించదని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది). తండ్రి సరేనని, పదో తరగతి పిల్ల వద్దంటే ఏమిటి? అధికరణం అక్షరాలా చూస్తే తండ్రి మాటే చెల్లుతుంది. అయినా పదిహేనేళ్ల పిల్ల చేత బలవంతంగా చేతులు జోడింపజేసి బడి సాధించేదేమీ లేదు.

ఫిర్యాదు నోటిమాటగా ఉంటే నిలవదు. ప్రధానోపాధ్యాయుడికి రాసిచ్చి, నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోవాలి. తర్వాత మండల విద్యాశాఖాధికారి, జిల్లా విద్యాశాఖాధికారి. వేధింపులాంటివి విద్యాహక్కు చట్టం కిందికి వస్తే 32వ సెక్షన్ ప్రకారం స్థానిక సంస్థ మూడు నెలల్లో తేల్చాలి, ఆపై అప్పీలు రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కు. ఆ చట్టం వర్తించే బడుల్లో ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లనూ బడి నుంచి తీసేయడానికి వీల్లేదు. ఈలోగా జిల్లా విద్యాశాఖ చేయగలిగింది ఒకటుంది. గుర్తింపు పునరుద్ధరణ ఫైలులో అగ్నిమాపక, భవన పటిష్ఠత పత్రాలు అడుగుతున్నారు. ఆ జాబితాలో ఈ సమ్మతి కాగితం నమూనానూ చేర్చాలి.