శిథిలాల గుట్టకు క్లీన్ చిట్ ఎలా ఇస్తారు?

కూల్చిన ఇంటి మట్టీ ఇటుకలే కదా, వాటితో ఏం ముప్పు? భవన శిథిలాలను గుట్టగా పోసి పూడ్చే ల్యాండ్‌ఫిల్‌లకు అనుమతులు సులువుగా వచ్చేది ఈ ధీమాతోనే. పర్యావరణ ప్రభావ మదింపు కూడా చాలాసార్లు దుమ్ము, లారీల రద్దీ దగ్గరే ఆగిపోతుంది.

శిథిలాల్లో ఇటుకలే ఉంటే పేచీ లేదు. ఫాల్స్ సీలింగ్‌కు వాడే జిప్సం బోర్డునే తీసుకోండి. గదిలో ఉన్నంతకాలం దానితో ఏ గొడవా లేదు. వాన నీళ్లు దిగే గుట్టలో, గాలి ఆడని చోట పూడ్చితే మాత్రం కథ మారిపోతుంది. జిప్సం అంటే కాల్షియం సల్ఫేట్. నీటిలో కరిగిన సల్ఫేట్‌ను బ్యాక్టీరియా హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మారుస్తాయి. వాటికి తిండి ఆ బోర్డుకు అంటించిన కాగితం, పక్కనే పడున్న చెక్క. కుళ్లిన గుడ్ల కంపు అలా మొదలవుతుంది. గాలిలో దాని మోతాదు 100 పీపీఎం (పది లక్షల్లో వంద వంతులు) దాటితే ముక్కు మొద్దుబారి ఆ కంపూ తెలియదు. హమ్మయ్య, వాసన పోయిందనుకున్న క్షణమే అసలు ప్రమాదం. జిప్సంను కుళ్లే వ్యర్థాలతో కలిపి పూడ్చకూడదని యూరోపియన్ యూనియన్ 2002 డిసెంబరులోనే నిర్ణయించింది ఊరికే కాదు.

ఇంతకన్నా నాకు ఒళ్లు మండేది పరీక్షల తీరు చూస్తే. ఒక వ్యర్థం ప్రమాదకరమా కాదా తేల్చడానికి అమెరికాలో టీసీఎల్‌పీ అనే పరీక్ష చేస్తారు. నమూనాను ఎసిటిక్ ఆమ్ల ద్రావణంలో వేసి దాదాపు 18 గంటలు తిప్పుతారు. ఇంటి చెత్త కుళ్లే గుట్టను దృష్టిలో పెట్టుకుని తయారుచేసిన పరీక్ష అది. కాంక్రీటు నిండిన గుట్టలో ఆమ్లం ఎక్కడిది? అక్కడ ఊరేది సున్నపు నీరు. చెదలు పట్టకుండా ఆర్సెనిక్ మందు పట్టించిన పాత కలపలోంచి ఆ విషం బయటపడటానికి కావలసిందీ అదే. క్షారం ఎక్కువై, ఆక్సిజన్ లేని చోట ఆర్సెనిక్ తేలిగ్గా కదిలిపోతుంది. ఇంకా విచిత్రం, గుట్టలో ఆర్సెనిక్ అసలు లేకపోయినా ముప్పు తప్పకపోవచ్చు. గుట్టలోంచి కారే ఆక్సిజన్ లేని మురికి నీరు, అంటే ఊట, కిందికి దిగి మట్టిలోని ఇనుప ఖనిజాలను కరిగిస్తే, వాటిని అంటుకుని ఉన్న సహజ ఆర్సెనిక్ విడుదలై భూగర్భజలాల్లో కలుస్తుంది. వ్యర్థాన్ని మాత్రమే పరీక్షించే నివేదికలో ఇది ఎప్పటికీ కనిపించదు.

శిథిలాల ఊట ఇంటి చెత్త ఊటకన్నా పలుచన, అడుగున నీరు ఇంకకుండా లైనర్ అనే పొర వేయమంటే ఖర్చు పెరిగి లారీలు రాత్రికి రాత్రే ఖాళీ జాగాల్లో దించేసి పోతాయి అనే వాదన ఉంది. ఆ భయం నిజమే. అయితే మాత్రం, దొంగలున్నారని తలుపులు తీసిపెట్టుకుంటామా?

నిజానికి మదింపు గుట్ట దగ్గర మొదలుపెట్టేసరికే ఆలస్యమైపోతుంది. ఆస్‌బెస్టాస్ రేకులు, సీసం రంగులు, పాదరసం ఉన్న ట్యూబ్‌లైట్లు గోడలు నిలబడి ఉండగానే వేరు చేయాలి. జేసీబీ అన్నిటినీ కలిపేశాక విడదీయడం అయ్యే పని కాదు. అమెరికాలో 2018లో పోగైన 60 కోట్ల టన్నుల నిర్మాణ వ్యర్థాల్లో 90 శాతానికి పైగా కూల్చివేతలవే. కొత్త కట్టడాల వాటా నామమాత్రం. మరి ఇంత పడగొట్టాల్సిన అవసరం నిజంగా ఉందా అని అడిగేవారేరి? గట్టి భవనాన్ని కూడా స్థలం విలువ పెరిగిందని నేలమట్టం చేస్తున్నారు. కూల్చివేత అనుమతి ఉత్త లాంఛనంగా ఉన్నంతకాలం గుట్టలు పెరుగుతూనే ఉంటాయి. మరమ్మతు చేస్తే ఆ భవనం ఇంకా ఎన్నేళ్లు నిలుస్తుందో ఇంజినీరు రాసి సంతకం పెట్టాలి. ఆ కాగితం లేని దరఖాస్తును తిప్పి పంపాలి.