సాగు ఒకరిది, కోత మరొకరిది

2018 సెప్టెంబరు 22న ఓక్లహామా రాష్ట్రంలోని నార్మన్‌లో ఒక అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ మ్యాచ్ జరిగింది. 60 నిమిషాల ఆటలో బంతి 44 నిమిషాల 41 సెకన్లు ఆర్మీ (అమెరికా సైనిక అకాడమీ) జట్టు చేతిలోనే ఉంది. ఓక్లహామా యూనివర్సిటీకి మిగిలింది పావుగంట పైచిలుకు. ఇంకొకరైతే చేతులెత్తేసేవారు. నిర్ణీత సమయం ముగిసేసరికి స్కోరు 21-21. అదనపు ఆటలో ఓక్లహామా 28-21తో బయటపడింది.

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ గురించి ఎవరైనా అడిగితే మేము ముందు చెప్పేది ఈ మ్యాచ్ గురించే. ఇది మనకు తెలిసిన కాలిబంతి కాదు. బంతి దొరికిన జట్టుకు నాలుగు ప్రయత్నాలు ఉంటాయి. ఆ నాలుగింటిలో 10 గజాలు ముందుకు జరిగితే మళ్లీ నాలుగు. జరగకపోతే బంతి అవతలివాళ్లది. నాలుగోదానికి చాలాసార్లు బంతిని దూరంగా తన్నేస్తారు కాబట్టి, మూడో ప్రయత్నం దగ్గర స్టేడియంలో కనిపించే టెన్షన్ మన కబడ్డీలో డూ ఆర్ డై రైడ్ ముందు ఉండే టెన్షన్ లాంటిదే. బంతి చేతికొచ్చిన దగ్గర్నుంచి పోయేదాకా సాగేదాన్ని డ్రైవ్ అంటారు. మ్యాచ్ మొత్తంలో ఒక జట్టుకు సుమారు డజను డ్రైవ్‌లు దక్కుతాయి, అంతే. ఒక్కోదానికి సగటున రెండు పాయింట్లు రాబడితే మామూలు జట్టు, మూడు దాటితే గట్టి జట్టు. బంతి ఎంతసేపు దగ్గరుంది అన్న లెక్క టీవీ తెర మీద ఇప్పటికీ వేస్తూనే ఉన్నారు గానీ, కోచ్‌లు దాని మీద పెట్టుకున్న నమ్మకం ఎప్పుడో తగ్గింది. పైగా 2023లో గడియారం నిబంధన మారింది. అర్ధభాగం చివరి రెండు నిమిషాల్లో తప్ప, 10 గజాలు దాటినప్పుడు గడియారం ఆగడం లేదు. ఆడే ప్రయత్నాలు తగ్గాయి, ఒక్కో డ్రైవ్ విలువ పెరిగింది.

ఆ రోజు ఓక్లహామాను గట్టెక్కించిన క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసురుతూ దాడిని నడిపించే ఆటగాడు, కైలర్ మరీ. ఆ ఏడాది ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ అతనికే వచ్చింది. అతను టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ నుంచి వచ్చినవాడు. కాలేజీ మారినందుకు 2016 సీజన్ అంతా బెంచీ మీద కూర్చోవాల్సి వచ్చింది. అప్పటి నిబంధన అది. ఇంజినీరింగ్ చదివే కుర్రాడు యూనివర్సిటీ మారితే ఏడాదిపాటు క్లాసుకు రానివ్వం అని ఎవరూ అనరు. ఆటగాళ్ల విషయంలో మాత్రం దశాబ్దాల పాటు అన్నారు.

2018 అక్టోబరులో, కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ మొదలైంది. 2021లో ఒకసారి మారితే శిక్ష లేకుండా పోయింది. అదే ఏడాది జులై 1 నుంచి ఆటగాడు తన పేరు, ముఖం వాడుకుని సంపాదించుకునే వీలొచ్చింది. 2024లో ఎన్నిసార్లయినా మారవచ్చన్నారు, చదువులో పాసైతే చాలు. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో యూనివర్సిటీలే నేరుగా ఆటగాళ్లకు డబ్బులు ఇవ్వడం మొదలైంది. మొదటి ఏడాది పరిమితి ఒక్కో యూనివర్సిటీకి, అన్ని ఆటలకూ కలిపి, 2 కోట్ల 5 లక్షల డాలర్లు.

ఈ మార్పుల్లో దేన్నీ మేము తప్పుపట్టడం లేదు. ఆటగాడి స్వేచ్ఛ ఆటను పాడు చేసిందని వాపోయే పాతకాపులతో మాకు పేచీ ఉంది. 2025 నవంబరు 30న లేన్ కిఫిన్ అనే కోచ్, 11 మ్యాచ్‌లు గెలిచి ప్లేఆఫ్ (జాతీయ టైటిల్ కోసం ఆడే నాకౌట్ పోటీ) ముంగిట నిలబడ్డ ఓల్ మిస్ (మిసిసిపీ యూనివర్సిటీ) జట్టును వదిలేసి ఎల్ఎస్‌యూకు (లూయిజియానా స్టేట్ యూనివర్సిటీకి) వెళ్లిపోయాడు. 2023లో టెక్సస్ ఏ అండ్ ఎం తన కోచ్ జింబో ఫిషర్‌ను పంపించేస్తూ ఏడున్నర కోట్ల డాలర్లకు పైగా ఇవ్వడానికి సిద్ధపడింది. పని మానేసినందుకు! పెద్దవాళ్లు ఇలా చేస్తే కెరీర్, 20 ఏళ్ల కుర్రాడు చేస్తే ద్రోహం అంటే ఎలా?

డబ్బుతో జట్టును కొనేయవచ్చన్న మాట కూడా సగమే నిజం. ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ 2023లో మామూలు సీజన్, లీగ్ ఫైనల్ కలిపి ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా 13-0తో (13 గెలుపులు, 0 ఓటములు) నిలిచింది. పెద్ద పేరున్న క్వార్టర్‌బ్యాక్‌ను బయటి నుంచి తెచ్చుకున్నాక 2024లో 2-10. కొలరాడో యూనివర్సిటీకి కోచ్‌గా డియోన్ సాండర్స్ వస్తూనే ఉన్నవాళ్లను పోర్టల్ వైపు చూడమని మొహం మీదే చెప్పి జట్టును దాదాపు మొత్తం మార్చేశాడు. 2023లో ఫలితం 4-8. క్వార్టర్‌బ్యాక్‌గా ఆడిన ఆయన కొడుకు షెడూర్‌ను ప్రత్యర్థులు ఆ సీజన్‌లో 50 సార్లకు పైగా పడగొట్టారు. పడ్డ ప్రతిసారీ గజాలు పోతాయి, డ్రైవ్ చస్తుంది. ముందు వరుసలో కాపు కాసే ఐదుగురూ ఒకరి అడుగు ఒకరికి తెలిసినవాళ్లై ఉండాలి. ఒకే చేను దున్నే కాడెద్దుల్లా అన్నమాట. సంతలో ఎద్దులు దొరుకుతాయి గానీ జోడీ కుదరడానికి కాలం పడుతుంది.

మరి ఇండియానా యూనివర్సిటీ సంగతేమిటి? అక్కడికే వస్తున్నాం.

2023లో ఇండియానా 3-9. అత్యున్నత స్థాయి కాలేజీ ఫుట్‌బాల్ చరిత్రలో ఎక్కువ మ్యాచ్‌లు ఓడిన జట్టుగా దానికి పేరుండేది. ఆ ఏడాది చివర జేమ్స్ మాడిసన్ యూనివర్సిటీ నుంచి కర్ట్ సిగ్నెటీ కోచ్‌గా వచ్చాడు. తన పాత జట్టు నుంచి 13 మందిని వెంట తెచ్చుకున్నాడు. ఆటగాడిలో ఏముందో అన్న ఊహ కంటే ఇప్పటిదాకా ఏం చేసి చూపించాడన్నదే ఆయన చూసేది. ఏరిపెట్టుకున్నవాళ్లు ఒకరినొకరు ఎరిగినవాళ్లు, కోచ్ పద్ధతి తెలిసినవాళ్లు. పైన చెప్పిన జోడీ సమస్య ఆయనకు సగం తీరిపోయిందన్నమాట. 2024లో 11-2. 2025లో 16-0. 2026 జనవరి 19న ఫైనల్లో మయామీపై 27-21 గెలుపుతో జాతీయ ఛాంపియన్.

ఆ ఫైనల్లో ఒక్క క్షణం గురించి చెప్పుకోవాలి. చివరి క్వార్టర్, స్కోరు 17-14, నాలుగో ప్రయత్నం. ఫీల్డ్ గోల్ కొడితే, అంటే బంతిని గోల్ స్తంభాల మధ్య నుంచి తన్నితే, ఇంచుమించు ఖాయంగా 3 పాయింట్లు. తన్నేవాళ్లను మైదానంలోకి పంపిన సిగ్నెటీ టైమ్ అవుట్ తీసుకుని మనసు మార్చుకున్నాడు. కాలిఫోర్నియా యూనివర్సిటీ నుంచి వచ్చిన క్వార్టర్‌బ్యాక్ ఫెర్నాండో మెండోజా బంతిని తానే పట్టుకుని 12 గజాలు దూసుకెళ్లి, ప్రత్యర్థి గోల్ గీత దాటి టచ్‌డౌన్ చేశాడు. మిగిలిన డ్రైవ్‌లు ఒకటో రెండో అని తెలిసినప్పుడు మూడుతో సరిపెట్టుకోవాలా, ఏడు కోసం తెగించాలా అన్న లెక్క అది. ఆఖర్లో మయామీ వాళ్ల పాస్‌ను అందుకుని ఆటను ముగించిన జమారీ షార్ప్ మాత్రం బయటి నుంచి వచ్చినవాడు కాదు. జట్టు 3-9తో ఓడిపోతూ ఉన్న కాలం నుంచీ ఇండియానాలోనే ఉన్నాడు. ఆ జట్టును అద్దె జట్టు అని వెక్కిరించేవాళ్లు ఈ కుర్రాడిని మరిచిపోతున్నారు.

ఇండియానా గెలుపు మాకు నచ్చింది. మా అభ్యంతరం వేరేచోట ఉంది. ఆ 13 మందిని తయారుచేసిన జేమ్స్ మాడిసన్‌కు ఏం మిగిలింది?

వర్జీనియాలో హారిసన్‌బర్గ్ అనే చిన్న ఊళ్లో ఉన్న యూనివర్సిటీ అది. పెద్ద టీవీ ఒప్పందాల డబ్బు దానికి లేదు. అక్కడ ఆటల ఖర్చులో పెద్ద భాగం విద్యార్థుల ఫీజుల నుంచే వస్తుంది, మ్యాచ్ చూసినా చూడకపోయినా. ఆ డబ్బుతో 17 ఏళ్ల పిల్లలను వెతికి, తిండి పెట్టి, జిమ్‌లో కండ పట్టించి, ఆట నేర్పితే, పంట చేతికొచ్చే వేళకు పెద్ద యూనివర్సిటీ వచ్చి కోసుకెళ్లింది. జేమ్స్ మాడిసన్ దిగులుపడి కూర్చోలేదు. కొత్త కోచ్ బాబ్ చెస్నీతో మళ్లీ జట్టు కట్టుకుని 2025లో ప్లేఆఫ్ దాకా వెళ్లింది, ఆరిగాన్ చేతిలో 51-34తో ఓడింది. ఈలోపే చెస్నీని లాస్ ఏంజెలెస్‌లోని పెద్ద యూనివర్సిటీ యూసీఎల్ఏ పట్టుకుపోయింది.

తెలుగు పాఠకులకు ఇది కొత్త కథేమీ కాదు. పదో తరగతి ఫలితాలు రాగానే కార్పొరేట్ కాలేజీల పీఆర్వోలు టాపర్ల ఇంటి తలుపు తడతారు, ఫీజు మాఫీ అంటారు. రెండేళ్ల తర్వాత ఫ్లెక్సీ మీద కాలేజీ పేరుంటుంది, లెక్కలు నేర్పిన ఊరి బడి మాస్టారి పేరుండదు. పిల్లవాడిని వెళ్లొద్దనడం అన్యాయం. మాస్టారిని లెక్కలోంచి తీసేయడమూ అన్యాయమే.

దారి లేకపోలేదు. ప్రపంచమంతా ఆడే ఆ రెండో ఫుట్‌బాల్‌లో ఫిఫా నిబంధన ఒకటుంది. ఆటగాడికి 12 నుంచి 21 ఏళ్ల మధ్య శిక్షణ ఇచ్చిన క్లబ్బులకు, అతన్ని తీసుకునే క్లబ్బు పరిహారం కట్టాలి. అమెరికా కాలేజీలు ఇలాంటిదే పెట్టుకోవాలన్నది మా అభిప్రాయం. పెద్ద యూనివర్సిటీ చిన్నదాన్నుంచి ఆటగాడిని తీసుకుంటే చిన్నదానికి శిక్షణ ఖర్చు కట్టాలి. ఆ భారం ఆటగాడి జేబు మీద, అతని అర్హత మీద పడకూడదు. పడితే కోర్టులు ఊరుకోవు. కాలేజీ మారినవాళ్లను ఆపే నిబంధనను 2023 డిసెంబరులో వెస్ట్ వర్జీనియాలోని ఫెడరల్ కోర్టు నిలిపేశాకే 2024 నాటి మార్పు వచ్చింది. కోచ్‌లకు కూడా ఒక తేదీ పెట్టాలి. సీజన్ ముగిసేదాకా ఎవరూ జట్టు వదిలిపెట్టి వెళ్లకూడదు.

హైస్కూల్ పిల్లల సంగతి ఇంకా ఇబ్బందికరం. కోర్టు ఆమోదించిన 2025 నాటి ఒప్పందంలో ఫుట్‌బాల్ జట్టుకు 105 మందే పరిమితి. ఉద్యోగం నిలబడాలంటే ఈ ఏడాదే గెలవాల్సిన కోచ్, ఆడి చూపించిన 22 ఏళ్లవాణ్ని వదిలి 17 ఏళ్లవాడిని ఎందుకు తీసుకుంటాడు? రిక్రూటింగ్ అంటే ఒకప్పుడు మొక్క నాటడం. ఇప్పుడు కాయలున్న చెట్టునే పెకలించి తెస్తున్నారు. శిక్షణకు పరిహారం వస్తుందంటే కనీసం చిన్న యూనివర్సిటీలైనా నాటడం మానవు.

అమెరికా క్యాంపస్‌లలో చదువుతున్న మన పిల్లలకు శనివారం ఊరంతా స్టేడియం వైపు కదలడం తెలిసిన దృశ్యమే. ఎఫ్-1 వీసా మీద ఉన్నవాళ్లు సెమిస్టర్ నడుస్తుండగా క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. అదే వీసా మీద వచ్చిన విదేశీ ఆటగాళ్లకు కూడా పేరు అమ్ముకుని సంపాదించడం తేలిక కాదు. మన పిల్లల్లో ఎంతమంది ఆట చూస్తారో గానీ, ఆటల ఫీజు వసూలు చేసే చోట ఆ లైను వీళ్ల బిల్లులోనూ ఉంటుంది. హారిసన్‌బర్గ్‌లో వచ్చే సెమిస్టర్ బిల్లు కూడా ఎప్పటిలాగే వస్తుంది. ఈసారి ఆ డబ్బుతో తయారయ్యే కుర్రాడు రెండేళ్ల తర్వాత ఎవరి జెర్సీలో ఉంటాడో తెలియదు.