మూడు సెంటీమీటర్ల చేప, మూరెడు ప్రవర

చేప కొందామని వెళ్తే ముందు చీటీ చదవమన్నారు.

తోక్యో శివార్లలో ఓ ఆదివారం సంత. వరసగా నల్ల తొట్లు, వాటిలో మెదకలు. జపాన్ వరిచేలల్లో, పంటకాలువల్లో తిరిగే చేప ఇది. బాగా ఎదిగినా మూడు నాలుగు సెంటీమీటర్లే. మెదక అంటే కళ్లు ఎత్తున ఉన్నది అని అర్థమట. కళ్లు నెత్తికెక్కింది మాత్రం చేపకు కాదు. తొట్టి మీద చీటీ చూడండి: 'మియుకి తెక్కమెన్, ఫలానావారి చొక్కెయ్, ఎఫ్4, కొతేరిత్సు 80 శాతం.'

మన పెళ్లిళ్లలో ప్రవర చదివే పంతులుగారు కూడా ముత్తాత దగ్గర ఆపేస్తారు.

చొక్కెయ్ అంటే పేరున్న పెంపకందారు తొట్టి నుంచి నేరుగా దిగిన వంశం. ఎఫ్4 అంటే ఆ వంశంలో నాలుగో తరం. తెక్కమెన్ అంటే ఇనుప ముసుగు. మియుకి రకానికి వీపు మీద ఒక మెరుపు గీత ఉంటుంది. అది మూతిదాకా పాకితే తెక్కమెన్, మూతికి ముందే ఆగిపోతే ఫుల్ బాడీ. ఇంగ్లీషులో ఫుల్ అన్నారు కదా అని నిండుగా ఉంటుందనుకుంటే మీ అమాయకత్వం.

నా కళ్ల ముందే అయిదుగురు పెద్దమనుషులు ఒక తొట్టి చుట్టూ గొంతుకు కూర్చున్నారు. పైనుంచే చూడాలి, దానికి ఉవమి అని పేరు. పక్కనుంచి చూడబోతే పెళ్లిచూపుల్లో అమ్మాయి జీతం అడిగినవాణ్ణి చూసినట్టు చూశారు. ఒకాయన కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, ముక్కు నీళ్లకు ఆనేదాకా వంగి, 'తెక్కమెనే' అన్నాడు. చేప కాస్త పక్కకు తిరిగింది, మెరుపు పోయింది. 'ఫుల్ బాడీ' అన్నాడు రెండో ఆయన. మళ్లీ తిరిగింది, మళ్లీ తెక్కమెన్ అయింది. అర మిల్లీమీటరు మూతి మీద పావుగంట మీమాంస నడిచింది. చివరికి అమ్మే పెద్దాయన తేల్చాడు: 'ఇంకా చిన్నపిల్లండీ, ఎదిగేకొద్దీ మూతిదాకా వస్తుంది.' పెళ్లయితే ఒళ్లు చేస్తుంది లెండి అనే మధ్యవర్తి మాట ఇంత దూరంలో వినిపిస్తుందనుకోలేదు.

పేర్ల సంగతి సరేసరి. 2004లో హిరోషిమాలో పుట్టిన ఎర్ర నారింజ రకానికి యోకిహి అని, చైనా టాంగ్ చక్రవర్తి మతి పోగొట్టిన సుందరి పేరు. నల్లదానికి ఒరొచి అని, పురాణంలోని ఎనిమిది తలల మహాసర్పం పేరు. ఆ మహాసర్పం నీటిపురుగు కాస్త పెద్దదైతే మింగలేదు. వెన్నుపూసలు అతుక్కుని గుండ్రంగా పుట్టినది దరుమా. అంటే, మన కంచి నుంచి వెళ్లాడని చెప్పుకునే బోధిధర్ముడే. సరిగ్గా ఈదలేని చేపకు ధ్యానగురువు పేరు పెట్టారు. పైగా గుడ్లు పొదిగే నీళ్లు వెచ్చగా ఉంటే దరుమాలు ఎక్కువ పుడతాయి. కాబట్టి దరుమాల శాతం చూపించి గొప్పలు పోయేవాడు చెప్పుకుంటున్నది సగం వంశం గురించి, సగం హీటర్ గురించి.

కొతేరిత్సు అంటే తల్లిదండ్రుల లక్షణం పిల్లల్లో ఎంతమందికి వస్తుందనే లెక్క. 1921లోనే ఐదా తత్సువో అనే జపాన్ శాస్త్రవేత్త ఈ మెదకల్లో ఎర్రవెన్ని, తెల్లవెన్ని, ఆడవెన్ని, మగవెన్ని అని లెక్కగట్టి, రంగు జన్యువు మగ వై క్రోమోజోమ్ మీద కూడా ఉంటుందని చూపించాడు. వందేళ్ల తర్వాత నేను '80 శాతం అంటే ఎన్నింట్లో?' అని అడిగితే, 'అది అనుభవంతో తెలుస్తుందండీ' అని జవాబు.

తెలిసింది. ఆ ఎఫ్4 తొట్టి గుడ్లే ఇరవై కొన్నాను. పద్నాలుగు పిల్లలయ్యాయి, పదకొండు బతికాయి, తెక్కమెన్లు రెండు. అమ్మినాయనకు ఫోన్ చేస్తే, 'మీ నీళ్లు తేడా అయ్యుంటాయి' అన్నాడు. మిగతా తొమ్మిదింటికీ ఒక పేరుంది: హజురె. తగలని లాటరీ టికెట్‌నూ అదే మాట అంటారు.

'పాపం, కాలువలో వదిలేయండి, హాయిగా బతుకుతాయి' అన్నారు పక్కింటావిడ.

ఇక్కడ నాకు నవ్వు రాదు. కాలువలు కాంక్రీటు చేసి, చేలకు మందులు కొట్టి, దోమల కోసమని గంబూసియా చేపల్ని (మన మున్సిపాలిటీలు చెరువుల్లో వదిలేవే) తెచ్చి వదిలి, చివరికి 1999లో మెదకను అంతరించిపోయే ప్రమాదమున్న జాతుల పట్టికలో చేర్చారు. ఉత్తరాది మెదక వేరు, దక్షిణాది మెదక వేరు. వాటిలోనూ ఏ వాగు వంశం ఆ వాగుదే. చొక్కెయ్ అంటే అదీ! వేల ఏళ్ల చొక్కెయ్! దానికి చీటీ లేదు కాబట్టి విలువ లేదు. అందులోకి తొట్టి చెత్త దులుపుతారు, దానికి దయ అని పేరు పెడతారు. నారింజ రంగు అణగి ఉండే లక్షణం. వాగు చేపతో కలిస్తే పిల్లలు అచ్చం వాగు చేపల్లాగే గోధుమరంగులో పుడతాయి, లోపల మాత్రం అంగడి జన్యువు ఉంటుంది. ఆ జన్యువు సహజ మెదకల్లో దొరికిందని పరిశోధకులు చూపించారు కూడా. మూతి మీద అర మిల్లీమీటరు మెరుపు కనిపెట్టే కళ్లకు ఇది కనబడదా? సిగ్గుండాలి.

తొమ్మిదీ నా బాల్కనీలో నీలం బకెట్‌లో ఉన్నాయి. పొద్దున్నే ఆడవి పొట్ట కింద గుడ్ల గుత్తి వేలాడేసుకుని తిరుగుతున్నాయి. చీటీ ప్రకారం లెక్కేస్తే ఆ గుడ్లు ఎఫ్6.